నలభై ఎనిమిది యూనిట్ల అవ్వ

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం మీటింగులో ఉండగా ఊరి నుంచి ఫోనొచ్చింది. మాది కోయిలకుంట్ల. అక్కడ మా అవ్వ ఒక్కతే ఉంటుంది. పక్కింటి అక్క మజ్జిగ ఇవ్వడానికి వెళ్తే అవ్వ గడప దగ్గర కూలబడి ఉందట. ఒళ్ళు కాలిపోతోంది, మాట తడబడుతోంది. ఆటోలో వేసుకుని నంద్యాల తీసుకెళ్ళారు. వడదెబ్బ. సెలైను ఎక్కించాక తేరుకుంది. నేను బెంగుళూరులో రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి నంద్యాలలో దిగాను.

"కరెంటు పోయిందా అవ్వా?" అనడిగాను.

"పోలేదు నాయనా. నేనే ఫ్యాను ఆపేసుకున్నా. పోయిన నెల బిల్లు ఎక్కువొచ్చింది గదా!"

ఆ మాట విన్నాక నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. నెలకు ఇంత అని అవ్వకి డబ్బు పంపిస్తూనే ఉన్నాను. ఆవిడ అందులోంచి మిగిల్చి మా చెల్లెలి కొడుకు పేరు మీద పోస్టాఫీసులో వేస్తోందని తర్వాత తెలిసింది. అది వేరే కథ.

ఇంటికొచ్చాక బిల్లులన్నీ బయటికి తీశాను. నెలకు సగటున 48 యూనిట్లు. ఇంట్లో ఉన్నవి ఒక ఫ్యాను, మూడు బల్బులు, టీవీ, మిక్సీ, ఎప్పుడో ఒకసారి వేసే చిన్న మోటారు. ఫ్రిజ్ లేదు, నీళ్ళకు కుండే. ఇంత తక్కువ వాడే మనిషికి ఇంకా చవగ్గా కరెంటు ఎవరిస్తారు? మనలాంటి వాళ్ళందరూ చేసే పనే నేనూ చేశాను. ఎక్సెల్ తెరిచాను :)

అసలు నా బుర్రలోకి ఈ ప్రశ్న రావడానికి కారణం డాలస్. అక్కడ ఎం.ఎస్. చేసి రెండేళ్ళు ఉద్యోగం చేశాను. టెక్సాస్ లో 2002 నుంచి చాలా ఊళ్ళలో కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవచ్చు. తీగలు ఒకరివి, అమ్మేవాళ్ళు పదుల మంది. వెళ్ళిన కొత్తలో ధరలు పోల్చి అన్నిటికంటే చవకగా కనిపించిన ప్లాను తీసుకున్నాను. యూనిట్ 7 సెంట్లు అని ఉంది. మొదటి బిల్లు చూస్తే యూనిట్ కి 17 సెంట్లు పడింది!

కిటుకు ఏమిటంటే, అసలు రేటు 17 సెంట్లే. నెలకు 1000 యూనిట్లు దాటితే 100 డాలర్లు వెనక్కిస్తారు. సరిగ్గా 1000 వాడితే 170 లోంచి 100 పోయి 70 డాలర్లు, అంటే యూనిట్ 7 సెంట్లు. నేను ఒక్కణ్ణే, వాడింది 400. బిల్లు 68 డాలర్లు. అంటే నాకు రెండున్నర రెట్లు వాడిన కుటుంబం, నేనూ కట్టింది ఇంచుమించు ఒకటే! అక్కడ ప్రతి ప్లానుకీ 500, 1000, 2000 యూనిట్ల దగ్గర సగటు ధర ఎంతో చెప్పే కాగితం ఒకటి చట్టప్రకారం ఇవ్వాలి. అది చదవకపోవడం నా తప్పే. కానీ ఆ కాగితం కూడా 500 నుంచే మొదలవుతుందని గమనించారా? 48 యూనిట్ల మనిషి వాళ్ళ ఊహలోనే లేదు.

ఇంగ్లండ్ లో ఉన్న మా బి.టెక్. క్లాస్ మేట్ ని అడిగితే వాడిది ఇంకో బాధ. అక్కడ ఏమీ వాడకపోయినా రోజుకింత అని స్టాండింగ్ ఛార్జి కట్టాలి. 2024 ఏప్రిల్ లో కరెంటుకి అది సగటున రోజుకు 60 పెన్నీలు. అంటే ఇల్లు తాళం వేసి ఊరెళ్ళినా నెలకు 18 పౌండ్లు. 2021, 22 ల్లో గ్యాసు ధరలు పెరిగి చిన్న చిన్న సప్లయర్లు దాదాపు ముప్ఫై మంది మునిగిపోయారు. వాళ్ళ కస్టమర్లను వేరేవాళ్ళకు అప్పజెప్పిన ఖర్చు కూడా ఈ స్టాండింగ్ ఛార్జి మీదే పడింది. ఎవరు తక్కువ వాడితే వాళ్ళకి ఆ దెబ్బ ఎక్కువ తగులుతుంది.

అంత దూరం ఎందుకు, మన ముంబైలోనే చూడండి. 2009 నుంచి అక్కడి శివారు ప్రాంతాల్లో రిలయన్స్ (ఇప్పుడు అదానీ), టాటా పవర్ లలో ఎవరి దగ్గరైనా కరెంటు కొనుక్కోవచ్చు. తీరా జరిగిందేమిటంటే, ఎక్కువ వాడేవాళ్ళు చవక కంపెనీకి వెళ్ళిపోవడం, తక్కువ వాడేవాళ్ళు మిగిలిపోవడం అనే గొడవ మొదలైంది. 2012 లో మహారాష్ట్ర నియంత్రణ మండలి జోక్యం చేసుకుని, నెలకు 300 యూనిట్ల లోపు ఇళ్ళవాళ్ళు మాత్రమే అలా మారొచ్చని షరతు పెట్టాల్సి వచ్చింది. ఆ షరతు తర్వాత ట్రిబ్యునల్ లో నిలబడలేదు, అది వేరే విషయం. నాకర్థమైంది ఒకటే. పోటీలో ఎవరైనా వెంటపడేది పెద్ద బిల్లు వెనకాల. వంద రూపాయల అవ్వ కోసం ఏ కంపెనీ కొట్టుకోదు.

సరే, మా ఊరికొద్దాం. కోయిలకుంట్లలో ఎంచుకోవడానికి ఏమీ లేదు. 2014 లో రాష్ట్రం విడిపోయినప్పుడు కర్నూలు, అనంతపురం జిల్లాలు హైదరాబాదు సీపీడీసీఎల్ నుంచి తిరుపతి ఎస్పీడీసీఎల్ లోకి వెళ్ళాయి. మా అవ్వ జన్మలో సప్లయర్ మారింది నాకు తెలిసి ఆ ఒక్కసారే, అదీ ఆవిడని అడక్కుండానే :) గ్యాసుకైతే మూడు ప్రభుత్వ కంపెనీలున్నాయి గానీ సిలిండర్ ధర ఇంచుమించు ఒకటే.

కానీ ఎంపిక లేని చోటే తక్కువ వాడే మనిషికి మేలు జరుగుతోందని లెక్క చూశాకే తెలిసింది. 2022 లో ఏపీఈఆర్సీ ఇచ్చిన శ్లాబులు ఇవి. మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఎంత వాడినా మొదటి 30 యూనిట్లకి అందరికీ 1.90 యే. ఫిక్స్ డ్ ఛార్జి కిలోవాటు లోడుకి నెలకు 10 రూపాయలు. అవ్వ 48 యూనిట్లకి కరెంటు ఖరీదు 57, 54 కలిపి 111 రూపాయలు. దానిమీద ఇంధన సర్దుబాటు, సుంకం, కస్టమర్ ఛార్జీ వగైరా పడతాయి. ఆ సర్దుబాట్ల వల్లే బిల్లు ఒక్కో నెల ఎగిరి అవ్వ భయపడింది. అయినా ఇంత చవక డాలస్ లో దొరకదు, లండన్ లో అసలే దొరకదు. ఆ లోటు భరిస్తున్నది ఫ్యాక్టరీలు, దుకాణాలు కట్టే ఎక్కువ రేట్లు, ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ.

ఈలోగా నేను ఏసీ కొనేద్దామనుకున్నాను. రోజుకు 8 గంటలు నడిస్తే 6 యూనిట్లు అనుకుందాం, నెలకు 180. మొత్తం 228. శ్లాబుల ప్రకారం లెక్కేస్తే 1043 రూపాయలు. వాడకం అయిదు రెట్లు కూడా పెరగలేదు, బిల్లు తొమ్మిది రెట్లు దాటింది. డబ్బు నేను కడతాను, సమస్య కాదు. కానీ 111 కే ఫ్యాను ఆపేసిన మనిషి వెయ్యి చూస్తే ఏసీ మీద దుప్పటి కప్పి పెడుతుంది. అడిగితే "ఏసీ ఒద్దు నాయనా, నా మట్టి మిద్దెలో సల్లగానే ఉంటాది" అంది.

తర్వాత సోలార్ అమ్మే కుర్రాడొకడు వచ్చాడు. "సార్, మన జిల్లాలోనే గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, మీ మిద్దె మీద 3 కిలోవాట్లు పెట్టలేరా" అన్నాడు. పీఎం సూర్యఘర్ కింద మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాటుకు 30 వేలు, మూడుకైతే మొత్తం 78 వేలు సబ్సిడీ. నిజమే, మంచి పథకమే. ఆళ్ళగడ్డలో రెండు ఏసీలున్న మా మామ పెట్టించుకుంటే ఆయనకు మిగిలేవి 8.75 యూనిట్లు. అవ్వకు మిగిలేవి 1.90, 3 రూపాయల యూనిట్లు. ఒక్క కిలోవాటు పెట్టి, సబ్సిడీ పోను చేతి నుంచి 30 వేలే పడిందనుకున్నా, నెలకు 111 మిగిలితే పెట్టుబడి రావడానికి 22 ఏళ్ళు దాటుతుంది. అవ్వకిప్పుడు 76. ఈ లెక్క చెప్తే "నూరేండ్లు బతకమంటావేంరా" అని నవ్వింది.

చివరికి తేలిందేమిటంటే, 48 యూనిట్లలో 34 ఆ పాత ఫ్యానువే. 75 వాట్లది, రోజుకు 15 గంటలు. దాని బదులు 30 వాట్ల బీఎల్డీసీ ఫ్యాను, మూడు వేల చిల్లర పెట్టి తెచ్చి బిగించాను. ఇప్పుడు మధ్యాహ్నం కూడా ఆపకుండా రోజుకు 20 గంటలు తిరిగినా నెలకు 18 యూనిట్లే. మొత్తం 32. కరెంటు ఖరీదు 111 నుంచి 63 కి దిగింది, గాలి పెరిగింది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టిన లెక్క ఇంకొకటుంది. ఆ రోజు మధ్యాహ్నం అవ్వ ఫ్యాను ఆపి మిగిల్చింది గంటకు పావలా. నాలుగు గంటలకు ఒక్క రూపాయి. ఆవిడకు ఎవరూ ఆ మాట చెప్పలేదు. బిల్లు మీద పదిహేను రకాల ఛార్జీలుంటాయి గానీ, ఫ్యాను గంట తిరిగితే ఎంతో ఎక్కడా ఉండదు. నేను టెక్సాస్ ప్లానులు పోల్చుకున్నాను గానీ, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మా అవ్వ బిల్లు చూడలేదు.

2025 అక్టోబరులో కేంద్రం విద్యుత్ చట్టం సవరణ ముసాయిదా విడుదల చేసింది. ఒకే తీగల మీద ఒకరికంటే ఎక్కువ కంపెనీలు కరెంటు అమ్మే ఏర్పాటు అందులో ఉంది. నేను పోటీకి వ్యతిరేకిని కాను. ఎక్కువ వాడే మనలాంటి వాళ్ళకి లాభమే రావచ్చు. కానీ నా మటుకు నాకు డాలస్ బిల్లు గుర్తొస్తుంది. ఎన్ని కంపెనీలొచ్చినా మొదటి 30 యూనిట్ల ధర ఎవరు కాపాడతారు అన్నదే నేను అడిగే మొదటి ప్రశ్న.

బయల్దేరే ముందు స్విచ్ బోర్డు పక్కన క్యాలెండరు మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాశాను: "ఫ్యాను గంటకు పది పైసలు". అవ్వ కళ్ళజోడు పెట్టుకుని చదివి, "పది పైసలు ఇప్పుడు యాడున్నాయి రా, చెల్లేదే ఆగిపాయ గదా" అంది.

"అందుకే అవ్వా, ఆపొద్దు" అన్నాను.

ఈసారి ఊరెళ్ళినప్పుడు మీరూ ఒకసారి ఇంట్లో పెద్దవాళ్ళ కరెంటు బిల్లు చూడండి. ఎంతొచ్చిందో కాదు, దానికి భయపడి వాళ్ళు ఏం ఆపేసుకుంటున్నారో అడగండి.