ఆదిత్య యంత్రము: అగ్నికి ముందు సన్నాహము

ఆత్మకూరు, ఉదయగిరి సీమలవారమైన మనకు సూర్యుని ప్రతాపము నింకొకరు వర్ణించి చెప్ప నక్కరలేదు. వేసవిలో మెట్టచేలు బీటలు వారుటయు, చెరువు లడుగంటుటయు మనము కన్నులార చూచుచున్నదే. అట్టి సూర్యుని యగ్నిని మానవుడు భూమిమీద నొక పాత్రలో నిలుపుటకు యత్నించుచున్నాడనిన విద్యార్థులకు వింతగా తోపవచ్చును. అంతకంటె వింతయైన సంగతి మరియొకటి కలదు. ఆ యగ్నిని వెలిగించుట క్షణముల పని. దానికై యంత్రమును సిద్ధపరచుట వారములపని, ఒక్కొకప్పుడు నెలలపని. ఆ సిద్ధపాటును గూర్చియే నాలుగు మాటలు వ్రాయ దలచితిని.

గుజరాతు రాష్ట్రమున గాంధీనగరము చెంత ప్లాస్మా పరిశోధన సంస్థ కలదు. అచ్చట 'ఆదిత్య' యను టోకమాక్ యంత్రము 1989లో పని కారంభించెను. 2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోటనుండి యెగసిన ఆదిత్య-ఎల్1 వేరు, ఇది వేరు. అది సూర్యుని పరిశీలించుటకు పోయినది. ఇది సూర్యునియందలి పదార్థస్థితిని నేలమీద నభ్యసించుటకై కట్టబడినది. గారెవలె నడుమ రంధ్రము గలిగి, లోపల బోలుగా నుండు లోహపాత్ర దీనికి ప్రధానాంగము. దాని చుట్టును 20 పెద్ద తీగచుట్టలు కలవు. పాత్రలోనికి రవంత హైడ్రోజన్ వాయువును వదలి విద్యుత్తును ప్రసరింపజేయగా, అది లక్షల డిగ్రీల వేడిమి గల ప్లాస్మా యగును. తీగచుట్టల యయస్కాంతశక్తి యా ప్లాస్మాను గోడకు తగులనీయక పట్టియుంచును. ఇదంతయు నొక సెకనైన నిండకముందే ముగియును. 2015–16 సంవత్సరములలో ఈ యంత్రమును విప్పి, క్రొత్త పాత్ర నమర్చి, మరల కూర్చిరి. 2016 డిసెంబరులో నందు తిరిగి ప్లాస్మా వెలిగెను.

ఇట్టి యంత్రమును మరమ్మతునకై తెరచినప్పుడు బయటిగాలి లోనికి ప్రవేశించును. మరల మూయుటకు ముందు, లోనికి గొనిపోయిన పనిముట్లను లెక్క సరిచూతురు. ఒక్క మరమేకు లోపల మిగిలినను ముప్పే. వ్రేలిముద్రయందలి జిడ్డుసైతము హానికరమగుటచే చేతొడుగులు లేక లోపలి గోడను తాకరు. మూత బిగించిన పిమ్మట పంపులు రాత్రింబవళ్లు గాలిని లాగివేయును. మనము పీల్చు గాలి యొత్తిడిలో సుమారు వెయ్యికోట్లవ వంతునకు లోపలి యొత్తిడి దిగవలెను. ఎక్కడనో వెండ్రుకకంటె సన్నని బెజ్జమున్నను అది దిగదు. ఆ బెజ్జమును కనుగొను టెట్లు?

ఈ పద్ధతిని గూర్చి చదివినప్పుడు నాకు మా తండ్రిగారి కపిల జ్ఞప్తికి వచ్చెను. నేటి బాలురు కపిలను చూచి యుండరు. ఎడ్లు ఏటవాలు దారిని దిగుచు మోకును లాగగా, బావిలోని తోలుబాన నీటితో పైకి వచ్చును. మా నాయన ఏటేట బానను బాగుచేయించి, ఆముదము పట్టించెడివారు. పిమ్మట దానిని చింతకొమ్మకు వ్రేలాడదీసి, నిండ నీరుపోసి, పొడి యరచేతితో కుట్టువెంట మెల్లగా తడవి చూచెడివారు. తడి తగిలినచోట బొగ్గుతో గురుతు పెట్టెడివారు. మెట్టబావిలో నీరు స్వల్పము. ఇంటిల్లిపాది తిండి దానిమీదనే. బాన కారినచో ఎడ్లకు ఆయాసము మిగులును గాని నీరు మడికి చేరదు. ఎడ్లను కట్టుటకు తొందరపడు పాలికాపును చూచి, "ఒక పూట పోయిన పోనీరా, పైరు పోరాదు" అనెడివారు.

శాస్త్రజ్ఞులు చేయునదియు నిట్టిదే. పాత్ర వెలుపల ప్రతి యతుకుచెంతను హీలియం వాయువును సన్నగా చిమ్ముదురు. అది మిక్కిలి తేలికయైనది. ఇతర పదార్థములతో కలియనిది. చిల్లి యున్నచో లోనికి జొరబడును. పంపు చెంతనున్న పరికరము దానిని పసిగట్టి తెలుపును. తోలుబానలో నీరు వెలికి వచ్చి చిల్లిని చూపును. ఇచ్చట హీలియం లోనికి బోయి చూపును.

చిల్లులు పూడిన తరువాత మిగులు శత్రువు నీరు! చుక్కనీటికై మింటిని చూచు మన సీమవారి కిది విడ్డూరమే. గాలి తగిలిన లోహపుగోడకు కంటి కగపడని నీటిపొర యంటుకొని యుండును. ప్లాస్మా వెలిగినప్పుడు అది గోడను విడిచి లోనికి వచ్చి, ప్లాస్మాను చల్లార్చివేయును. అందుచే పాత్రను 100 డిగ్రీలకు మించి కాచి, వెలువడు ఆవిరిని పంపులతో తోడివేయుదురు. తరువాత కొలది వాయువును వదలి, గంటల తరబడి మందకాంతితో విద్యుత్తును పారించి, గోడనంటిన మాలిన్యమును రాల్చుదురు.

ఇట్టి పరీక్షల విలువ యెంతటిదో ఫ్రాన్సులో నిర్మింపబడుచున్న ఈటర్ యంత్రము తెలుపుచున్నది. భారతదేశము 2005 మొదలు అందొక భాగస్వామి. ఆ యంత్రపు చలువగొట్టములలో సన్నని పగుళ్లున్నట్లు హీలియం పరీక్షవలన తేలెను. 2022లో ఆ సంగతిని లోకమునకు ప్రకటించిరి. అప్పటికే గోతిలో నిలిపియుంచిన, వేయి టన్నులకు మించిన భాగమును 2023లో మరల పైకెత్తి మరమ్మతునకు పంపిరి. కాలవ్యయము, ధనవ్యయము కొంచెము కాదు. అయినను, యంత్రమంతయు మూసిన పిదప ఆ పగుళ్లు బయటపడియుండిన నష్టమెంత యుండెడిదో యూహింపుడు.

పాత్ర శుభ్రమైన పిదప తీగచుట్టలను ఒక్కొక్కదానిని తక్కువ విద్యుత్తుతో మొదట పరీక్షించి, క్రమముగా పెంచుదురు. కొలతపరికరములను సరిచూతురు. కట్టకడపట, యంత్రశాలలో మనుష్యులెవ్వరును మిగులలేదని వెదకి చూచి, తలుపులకు తాళము వేయుదురు. అటుపిమ్మటనే వెలుగు. రెప్పపాటులో అది ముగిసినను, దాని కొలతలను శాస్త్రజ్ఞులు దినముల తరబడి పరిశీలింతురు.

విద్యార్థులారా, లోకమునకు కనబడునది ఆ రెప్పపాటు వెలుగు మాత్రమే. పనిముట్లు లెక్కించినవాని పేరు గాని, అతుకువెంట హీలియం చిమ్మినవాని పేరు గాని పత్రికలలో రాదు. వారిలో నొక్కడు "ఈ యతుకు బాగుగానే యుండును లెమ్ము" అని చూడక విడిచినచో, అందరి శ్రమయు వ్యర్థమగును. మీలో నెవరు ముందుముందు ఏ పనిలో ప్రవేశించినను, ఎవ్వరును చూడని కుట్టును పొడిచేతితో తడవి చూచు నలవాటును ఇప్పుడే నేర్చుకొనుడు.