గోదాము నేర్పిన పాఠం

మీ ఇంట్లో పోపులపెట్టె ఎక్కడ ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. పొయ్యి దగ్గర చేతికి అందేలా ఉంటుంది. ఊరగాయ జాడీలు అటక మీద ఉంటాయి. రోజూ వాడేది దగ్గర, అప్పుడప్పుడు వాడేది దూరం. ఇది మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. కాని గోదాములో అడుగుపెట్టినప్పుడు నేను దీన్ని మరిచిపోయాను. ఆ సంగతి మీకు చెబుతాను.

అప్పట్లో ఒక దూరవిద్యా సంస్థలో పాఠ్యపుస్తకాల విభాగంలో ఉండేదాన్ని. 2009లో కొన్నాళ్లు గోదాము బాధ్యత కూడా నాకే అప్పగించారు. అభ్యాసకులు కోరిన పుస్తకాలను అరల నుంచి ఏరి, కట్టలు కట్టి, తపాలాకు ఇవ్వడం అక్కడి పని. ఒకరోజు ఒక కార్డు వచ్చింది. రాసినామె బీడీలు చుడుతూ పదో తరగతి చదువుతున్న గృహిణి. తెలుగు మాధ్యమం గణితం అడిగితే ఇంగ్లీషు పుస్తకం వచ్చిందట. పరీక్షకు 20 రోజులే ఉన్నాయని, పుస్తకం తెరిచి ఏడ్చానని రాసింది.

నాకు కోపం వచ్చింది. పుస్తకాలు ఏరే పెద్దాయనను పిలిచి అడిగాను. ఆయన వాదించలేదు. "ఒక్కపూట నాతో తిరగండి మేడమ్" అన్నారు.

తిరిగాను. చేతిలో జాబితా నమోదు సంఖ్యల వరుసలో ఉంది. అరల వరుస వేరు. ఒక్కొక్కరి కోసం ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. అందరూ అడిగే గణితం వెనుక గోడ దగ్గర, పై అరలో ఉంది. ఎప్పుడో ఒకరు అడిగేవి బల్ల పక్కనే ఉన్నాయి. పుస్తకం తీయడానికి కంటే నడకకే ఎక్కువ సమయం పట్టింది. కాళ్లు లాగుతుండగా నేనూ ఒక తప్పు పుస్తకం తీశాను. రెండు మాధ్యమాల గణితం పక్కపక్కనే, ఒకే నీలం అట్టతో ఉన్నాయి. వెన్ను మీది సంకేత సంఖ్యలో చివరి అక్షరమే తేడా. అట్టలన్నీ ఒకే రంగులో ఉండాలని సమావేశంలో పట్టుబట్టింది నేనే!

ఆ తరువాత మేము చేసిన మార్పులు ఇవి:

1. ఎక్కువమంది అడిగే పుస్తకాలను బల్లకు దగ్గరగా, నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో పెట్టాం.

2. ప్రతి వరుసకు అక్షరం, ప్రతి అరకు అంకె రాశాం. జాబితాను కూడా ఆ నడక వరుసలోనే అచ్చు వేయించాం.

3. ఒక్కో విడతకు 10 మంది జాబితాలు తీసుకున్నాం. ఇందువల్ల నడక తగ్గుతుంది, కాని పుస్తకాలు కలగలిసిపోవచ్చు. అందుకే తోపుడు బండి మీద ఒక్కొక్కరికి ఒక్కో పెట్టె పెట్టాం.

4. ఒకేలా కనిపించే పుస్తకాలను దూరదూరంగా సర్ది, తెలుగు మాధ్యమం వాటికి పసుపు చీటీ అంటించాం. ఏరినవారు కాక మరొకరు సరిచూశాకే కట్ట కట్టాం.

గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాలలో నాలుగోది పాఠకుల కాలాన్ని ఆదా చేయడం గురించే. ఎం.ఇడి.లో చదివిన ఆ మాట నాకు గోదాములో అర్థమైంది.

ఆమెకు సరైన పుస్తకం మర్నాడే పంపాం. పోయిన రోజులను మాత్రం తిరిగి పంపలేకపోయాం.

చేసి చూడండి: మీకు తెలిసిన కిరాణా కొట్టులోగాని, మందుల దుకాణంలోగాని ఒక గంట గమనించండి. ఏ వస్తువు కోసం ఎక్కువసార్లు నడుస్తున్నారు? ఒకేలా కనిపించే వస్తువులు పక్కపక్కనే ఉన్నాయా? మీరైతే ఏది ఎక్కడ పెడతారో ఐదు వాక్యాలలో రాయండి.