బడి కూడా వైద్యమే

2020 మార్చి 4న హైదరాబాద్‌ హైటెక్‌ సిటీ మైండ్‌స్పేస్‌లో ఒక ఉద్యోగినికి కొవిడ్‌ ఉండొచ్చన్న వార్త పొక్కింది. గంటల్లో అక్కడి ఉద్యోగులు బ్యాగులు సర్దుకుని రోడ్డెక్కారు. ఆమెకు వైరస్‌ లేదని పుణె ల్యాబ్‌ తర్వాత తేల్చింది కానీ, అప్పటికే కంపెనీలు జనాన్ని ఇళ్ల నుంచి పనిచేయమన్నాయి. ఆ నెల మధ్యకల్లా రాష్ట్రంలో బడులూ మూతపడ్డాయి. సైబరాబాద్‌లో ఆఫీసు పని లాప్‌టాప్‌లో ఇమిడి ఇంటికొచ్చేసింది. మామూలు పిల్లల చదువు కూడా అరకొరగానైనా జూమ్‌లోకో టీశాట్‌లోకో వచ్చింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడి మాత్రం ఏ తెరలోనూ పట్టలేదు.

ఎలా పడుతుంది? ఆ బడిలో సిలబస్‌ అంటే చెంచా పట్టుకుని తినడం, బాత్రూంకు వెళ్లాలని సైగ చేయడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, కాళ్లు బిగుసుకోకుండా స్టాండింగ్‌ ఫ్రేమ్‌లో నిలబడటం. ప్రతిదానికీ పక్కన ఒక మనిషి చెయ్యి ఉండాలి. కొండాపూర్‌లో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్‌గా ఆ రెండేళ్లలో నేను చూసింది ఆ చెయ్యి అందకపోతే ఏమవుతుందో. ఇక్కడ చెబుతున్న పిల్లలను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

గచ్చిబౌలిలోని ఒక టవర్‌ నుంచి వచ్చేవాడు ఆ బాబు. తొమ్మిదేళ్లు, ఆటిజం. తల్లిదండ్రులిద్దరూ సాఫ్ట్‌వేర్‌ వాళ్లే. లాక్‌డౌన్‌ మొదట్లో రోజూ పొద్దున్నే స్కూల్‌ బ్యాగు తగిలించుకుని, బస్సు వచ్చే వేళకు తలుపు దగ్గర నిలబడేవాడట. తలుపు తెరవకపోతే చెయ్యి కొరుక్కునేవాడు. ఆన్‌లైన్‌ క్లాసు పెడితే లాప్‌టాప్‌ మూసేసేవాడు. వాడి దృష్టిలో అది పాటల వీడియోలు చూసే పెట్టె. అందులోకి టీచర్‌ ఎందుకొచ్చిందో వాడికి అర్థం కాలేదు. రెండేళ్లు కష్టపడి నేర్పిన టాయిలెట్‌ అలవాటు వేసవి దాటేసరికి పోయింది. మళ్లీ డైపర్లు. తండ్రి కాల్‌లో ఉంటే తల్లి బాబును పట్టుకోవాలి, ఆమె కాల్‌లో ఉంటే తండ్రి. ఇద్దరికీ ఒకేసారి మీటింగ్‌ పడిన రోజు ఫోను వాడి చేతిలో. "సార్‌, నిద్రకు ఏదైనా మందు రాయండి, వాడు పడుకుంటే మేమూ పడుకుంటాం" అని అడిగింది ఆ తల్లి. రాశాను. కానీ ఆ బాబుకు కావలసిన మందు ఏ షాపులోనూ లేదు. దానికి తాళం వేసి ఉంది.

రెండో బాబుకు సెరిబ్రల్‌ పాల్సీ, మూర్ఛ. బడిలో రోజూ ఫిజియోథెరపీ జరిగేది. అది ఆగిపోయాక ఇంట్లో అమ్మ చేయగలిగినంత చేసింది. ఎదిగే వయసులో ఎముక పెరుగుతుంది, బిగుసుకున్న కండరం దాని వెంట సాగదు. ఏడాది తర్వాత చూస్తే మడమ నేలకు ఆనడం లేదు, తుంటి కీలు పక్కకు జరుగుతోంది. కొవిడ్‌ ఆ బాబును తాకలేదు. బడి మూత తాకింది. ఏ బులెటిన్‌లోనూ ఆ నష్టం లెక్కకు రాలేదు.

అయితే ఈ పిల్లల విషయంలో భయానికి అర్థం లేదని కూడా అనలేం. డౌన్‌ సిండ్రోమ్‌ ఉన్న పెద్దవాళ్లకు కొవిడ్‌తో మరణ ప్రమాదం దాదాపు పది రెట్లు ఎక్కువని 2020లోనే బ్రిటన్‌ పరిశోధకులు చూపించారు. నా దగ్గరకొచ్చే పన్నెండేళ్ల పాపకు డౌన్‌ సిండ్రోమ్‌. పసితనంలో గుండె ఆపరేషన్‌ అయింది. ఇంట్లో షుగర్‌ ఉన్న నాయనమ్మ. ఆ పాపా, చెయ్యి కొరుక్కునే బాబూ ఒకే బడి పిల్లలు. బడి తెరవాలా వద్దా అని అడిగితే ఇద్దరికీ ఒకే జవాబు ఎలా చెప్పగలం? బాబుకు ఇల్లే ప్రమాదం. పాపకు మాత్రం, నాయనమ్మకు రెండు డోసుల టీకా పడేదాకా, బడే ప్రమాదం. అందుకే బడి తెరిచే ముందు ఒక్కో పిల్లకీ విడిగా ఒక్కో కాగితం రాయాలని బడివాళ్లూ నేనూ ముందుగా నియమం పెట్టుకున్నాం.

2021 మే, జూన్‌ నెలల లాక్‌డౌన్‌ ముగిశాక, సెప్టెంబర్‌ 1 నుంచి బడులు తెరుస్తామని ప్రభుత్వం ప్రకటించింది. గురుకులాలు, హాస్టళ్లు ఇప్పుడే వద్దని, ప్రత్యక్ష తరగతులకు రమ్మని ఎవరినీ బలవంతపెట్టరాదని ముందురోజే హైకోర్టు చెప్పింది. ఆ బాబూ పాపా చదివే మాదాపూర్‌ దగ్గరి స్పెషల్‌ స్కూల్‌ ప్రిన్సిపల్‌ ఆ రోజుల్లో నన్ను పిలిచి, "ప్రభుత్వ సర్క్యులర్‌ చదివాను సార్‌, అందులో మా పిల్లలు కనబడలేదు" అన్నారు. అందులో ఉన్నవి మాస్కు, ఆరడుగుల దూరం, శానిటైజర్‌, గేటు దగ్గర థర్మల్‌ గన్‌. ఈ నాలుగూ ఆమె పిల్లల దగ్గర పనిచేయవు.

మాస్కు సంగతే చూడండి. చొంగ కార్చే పిల్లాడికి పది నిమిషాల్లో మాస్కు తడిసి ముద్దవుతుంది. మింగడం సరిగా రాని పిల్లకు, తనంతట తాను మాస్కు తీసుకోలేని పిల్లకు అది అపాయం కూడా. వైకల్యం ఉన్న పిల్లల విషయంలో ఎవరికి వారికి విడిగా నిర్ణయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్‌ 2020 ఆగస్టులోనే చెప్పాయి. మేం పిల్లలను మూడు రకాలుగా చూశాం: పెట్టుకోగలిగినవాళ్లు, నేర్పితే పెట్టుకునేవాళ్లు, పెట్టకూడనివాళ్లు. రెండో రకం వాళ్లకు ఇంట్లోనే సాధన మొదలైంది. ముందు మాస్కు చేతిలో పట్టుకోవడం, తర్వాత బొమ్మకు కట్టడం, ఆపైన తన ముఖానికి అయిదు సెకన్లు, వెంటనే ఇష్టమైన పాట. స్పీచ్‌ థెరపిస్టుకు మాత్రం పెదవులు కనిపించే పారదర్శకమైన మాస్కు. ముఖం కప్పుకున్న టీచర్‌ను చూసి పిల్లలు బెదరకుండా, టీచర్లంతా మాస్కు పెడుతూ తీస్తూ వీడియోలు చేసి వారం ముందే ఇళ్లకు పంపారు.

థర్మల్‌ గన్‌తో మరో చిక్కు. మూర్ఛకు వాడే టోపిరమేట్‌, జోనిసమైడ్‌ లాంటి మందులు కొందరు పిల్లల్లో చెమటను తగ్గిస్తాయి. ఎండలో బస్సు దిగిన పిల్లాడి ఒళ్లు కాలుతుంది, అది జ్వరం కాదు. నీడలో కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడమన్నాం. ఇంకోవైపు, గొంతు నొప్పి అని చెప్పలేని పిల్ల జబ్బు పడితే ఎలా తెలుస్తుంది? ఆ సంగతి తల్లులకే తెలుసు. "మావాడు చెవి కొట్టుకుంటాడు", "మాది పెరుగన్నం పక్కకు తోసేస్తుంది", "మా బాబు మూల చూసుకుని పడుకుంటాడు" అని ఒక్కొక్కరూ చెప్పినవి ఆ పిల్లల కాగితాల మీద రాశాం. పొద్దున్నే ఆ గుర్తు కనబడితే ఆ రోజు బడికి రావద్దు. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేయించుకోవడం చాలామంది పిల్లలకు నరకం. అందుకని పరీక్ష ఫలితం కోసం పట్టుబట్టకుండా, లక్షణం ఉంటే ఇంట్లో ఉంచి, తగ్గాక డాక్టర్‌ చూసి పంపే పద్ధతి పెట్టుకున్నాం.

చేతులు నాకే అలవాటున్న పిల్లల దగ్గర శానిటైజర్‌ సీసా ఉండకూడదు. సబ్బూ నీళ్లే. బొమ్మలు ఎవరి పెట్టెలో వాళ్లవి.

అన్నిటికన్నా పెద్ద సమస్య గాలి. ఐటీ కారిడార్‌లో చాలా థెరపీ సెంటర్లు అద్దాల కమర్షియల్‌ భవనాల్లో ఉంటాయి. కిటికీ అనేది ఉండదు, ఏసీ ఒక్కటే. ఆ బడీ అలాంటిదే. కొవిడ్‌ రోగులున్న గదుల గాలిలో వైరస్‌ దొరుకుతుందని, రోగులు ఎక్కువై, ఎక్కువసేపు ఉన్నకొద్దీ అది పెరుగుతుందని మన సీసీఎంబీ శాస్త్రవేత్తలు అప్పటికే చూపించారు. ఒక చిన్న కార్బన్‌ డయాక్సైడ్‌ మీటర్‌ తెప్పించి థెరపీ గదిలో పెట్టాం. బయట గాలిలో 420 చూపించే అంకె, తలుపులు మూసిన గదిలో అరగంటకే 1500 దాటింది. అంటే ఒకరు వదిలిన గాలే మిగతావాళ్లంతా పీలుస్తున్నారు. కింద స్టిల్ట్‌ పార్కింగ్‌ ఉంది, నాలుగువైపులా గాలి. ఆఫీసులు ఇళ్లకు పోవడంతో కార్లూ లేవు. గ్రీన్‌ నెట్‌ కట్టి, చాపలు, మ్యాట్లు పరిచి బడిని కిందికి దించారు. ఆరుగురు పిల్లలు, ఒక టీచర్‌, ఒక ఆయమ్మ కలిసి ఒక జట్టు. జట్టుకూ జట్టుకూ కలవడం లేదు. సగం పూట బడి, బస్సు కిటికీలన్నీ తెరిచి.

అంతా అయ్యాక ఒక ఆయమ్మ అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయాం. "సార్‌, పిల్లల ముడ్డి కడిగేది మేము, అన్నం తినిపించేది మేము. మాకు టీకా ఎవరేస్తరు?" ఆ జూన్‌లో హైటెక్స్‌లో భారీ టీకా మేళా జరిగింది. కంపెనీలు తమ ఉద్యోగులకు, వాళ్ల కుటుంబాలకు క్యాంపస్‌లోనే టీకాలు వేయించాయి. అదే కారిడార్‌ పక్కన బస్తీలో ఉండే ఆయమ్మకు కంపెనీ లేదు, కోవిన్‌ పోర్టల్‌లో టీకా స్లాట్‌ పట్టే ఫోనూ లేదు. ఆరడుగుల దూరం ఎప్పటికీ పాటించలేని ఉద్యోగం ఆమెది. పిల్లలకు అప్పటికి టీకా రాలేదు. కాబట్టి పిల్లలను కాపాడే కంచె వాళ్ల చుట్టూ ఉన్న పెద్దలే. ఆయమ్మలు, డ్రైవర్లు, టీచర్లు అందరికీ టీకాలు పడ్డాకే గేటు తెరవాలని ప్రిన్సిపల్‌ నిర్ణయించారు. దగ్గరుండి వేయించారు కూడా.

బడులు మూస్తే పిల్లలకు వైరస్‌ సోకదన్న నమ్మకం కూడా అప్పటికే వీగిపోయింది. 2021 జూన్, జులైల్లో ఐసీఎంఆర్‌ చేసిన నాలుగో సీరో సర్వేలో దేశవ్యాప్తంగా 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం, 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 61.6 శాతం మందికి యాంటీబాడీలున్నాయి. బడులు దాదాపుగా మూసే ఉన్న కాలంలో వచ్చిన లెక్క ఇది. వైరస్‌ ఇంటికే వచ్చింది, పెద్దల వెంట వచ్చింది.

బడి తెరిచాక ఒక డ్రైవర్‌కు కొవిడ్‌ వచ్చింది. అతని బస్సులో వచ్చే జట్టు ఒక్కటే కొన్నాళ్లు ఇంట్లో ఉంది, మిగతా జట్లు నడిచాయి. చెయ్యి కొరుక్కునే బాబు తొలి వారం రోజూ ఏడ్చాడు. నెల తిరిగేసరికి కొరకడం తగ్గింది, దసరా తర్వాత డైపర్‌ కూడా పోయింది. డౌన్‌ సిండ్రోమ్‌ పాపకు మాత్రం టీచరే వారానికి రెండుసార్లు వాళ్ల కమ్యూనిటీ పార్కుకు వెళ్లి పాఠం చెప్పేది. నాయనమ్మ రెండో డోసు అయ్యాక పాప బడికొచ్చింది. సెరిబ్రల్‌ పాల్సీ బాబుకు కండరంలో బొటాక్స్‌ ఇంజెక్షన్లు ఇవ్వాల్సి వచ్చింది. తుంటికి ఆపరేషన్‌ తప్పలేదు. చేజారిన ఏడాది అందరికీ తిరిగి రాదు.

2022 జనవరిలో ఒమిక్రాన్‌ వచ్చినప్పుడు సంక్రాంతి సెలవుల పేరుతో మూసిన బడులు ఆ నెలాఖరుదాకా తెరుచుకోలేదు. పబ్బులు, మాల్స్‌ తెరిచే ఉన్నాయి. స్పెషల్‌ స్కూళ్లను కూడా మామూలు బడులతో కలిపి ఒకే గాటన కట్టారు. ఇలాగే చేయాలని లేదు. ఇంగ్లండ్‌లో 2020 మార్చిలో బడులన్నీ మూసినప్పుడు కూడా, ప్రత్యేక విద్యా ప్రణాళిక ఉన్న పిల్లలకు తలుపు తెరిచే ఉంచారు. అక్కడా లోపాలున్నాయి, చాలామంది రాలేకపోయారు. కానీ సూత్రం సరైనది: ఈ పిల్లలకు బడి అత్యవసర సేవ.

మన చట్టంలోనూ దానికి చోటుంది. లాక్‌డౌన్‌ విధించింది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద. విపత్తుల్లో వికలాంగులకు సమాన రక్షణ ఇవ్వాలని, విపత్తు నిర్వహణ సంస్థలు తమ కార్యక్రమాల్లో వాళ్లనూ చేర్చాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎనిమిదో సెక్షన్‌ చెబుతోంది. మేధో వైకల్యాల మీద 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ మన సికింద్రాబాద్‌ మనోవికాస్‌ నగర్‌లోనే ఉంది. మండలాల్లో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. చట్టముంది, సంస్థ ఉంది, కేంద్రాలున్నాయి. వాటిని కలిపే ప్రణాళిక కాగితం మీద కావాలి, అదీ మహమ్మారి రాకముందే.

అధికారులకు నా విన్నపం ఇది. మరో మహమ్మారి వస్తే స్పెషల్‌ స్కూళ్లను, థెరపీ సెంటర్లను ఆసుపత్రుల జాబితాలో పెట్టండి. అందరికన్నా చివర మూసి, అందరికన్నా ముందు తెరవండి. టీకా వరుసలో ఆయమ్మను నర్సు పక్కన నిలబెట్టండి. కిటికీ లేని భవనంలో ఈ పిల్లల బడికి అనుమతి ఇవ్వకండి. తల్లిదండ్రులకు ఒక మాట: మీ పిల్లకు ఒంట్లో బాగాలేకపోతే ఎలా తెలుస్తుందో, ఏ మందులు వాడుతోందో, మాస్కు పెట్టొచ్చో లేదో ఒక పేజీలో రాసి మీ డాక్టర్‌తో సంతకం చేయించి బడిలో ఇవ్వండి. అంత పెద్ద సంక్షోభంలో మాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది ఆ ఒక్క పేజీయే.