వాండ్ మనది, దెబ్బ జాంబీది

‘పాత్ ఆఫ్ ఎగ్జైల్’లో జాంబీలను లేపే బిల్డ్ ఆడుతున్నారా? అయితే వాండ్ కొనేముందు దాని మీద అంకె కాదు, లైన్ చదవండి. ‘స్పెల్ డ్యామేజ్ 80 శాతం ఎక్కువ’ అని ఉంటే, పెరిగేది మన స్పెల్‌కే. జాంబీ కొట్టే దెబ్బ జాంబీది. మన వాండ్ గొప్పతనం దానికి వీసమెత్తు అంటదు. ఆ లైన్‌లో ‘మినియన్స్’ అన్న మాటుండాలి, లేదా అది జాంబీ జెమ్ లెవెల్ పెంచేదై ఉండాలి.

మా తమ్ముడు రెండు వారాలు నిద్ర మానుకుని కేయాస్ ఆర్బ్‌లు కూడబెట్టాడు. అన్నీ ఊడ్చి అలాంటి స్పెల్ వాండే కొనబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. “మరి టోటెమ్‌కి పనిచేస్తుంది కదక్కా!” అన్నాడు. పాయింటే! టోటెమ్ మన స్పెల్‌నే మన బలంతో వేస్తుంది, అందుకే దానికి పనికొస్తుంది. రెండూ పిలిస్తే వచ్చేవే. కానీ టోటెమ్ మన చెయ్యి, జాంబీ కూలికొచ్చిన మనిషి. ఈ తేడా గేమ్ సరిగ్గా చెప్పదు, అదే నాకు మంట.

చివరికి మినియన్ డ్యామేజ్ ఉన్న కన్వోకింగ్ వాండ్ దొరికింది, సగం ధరకే. ఇప్పుడు వాడి కన్ను ‘యానిమేట్ వెపన్’ మీద పడింది. నేల మీద పడున్న కత్తే లేచి కొడుతుందిగా, అక్కడ ఆ కత్తి డ్యామేజే లెక్క. దొరికిన కత్తినల్లా స్టాష్‌లో దాస్తున్నాడు.