నౌపడ ఉప్పుగాలిలో బిగిసిపోయిన చక్రం

నౌపడలో ఇనుముకు ఆయుష్షు తక్కువ. స్టేషన్లో దిగి ఊరివైపు నడుస్తుంటే సైకిల్ గొలుసులు, గేటు గడియలు, షట్టర్ల అంచులు అన్నీ ఒకే ఎర్ర రంగులో కనిపిస్తాయి. కారణం వెతకక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని ఈ ఊరు ఉప్పుకు పేరు. వేసవిలో వెళ్తే అద్దం ముక్కల్లా మెరిసే మడులు, గట్ల మీద తెల్లటి ఉప్పు కుప్పలు. గాలి పీలిస్తే పెదాల మీద కూడా ఉప్పే!

రైళ్లంటే ఇష్టమున్నవాళ్లకు నౌపడ జంక్షన్ పేరు తెలిసే ఉంటుంది. ఇక్కడి నుంచి పర్లాకిమిడికి 1900లోనే రెండున్నర అడుగుల నేరోగేజ్ బండి నడిచింది. ఇప్పుడది గుణుపూర్ దాకా వెళ్లే బ్రాడ్‌గేజ్ లైను. పక్షుల కోసం వచ్చేవాళ్లు దగ్గర్లోని తేలినీలాపురం వెళ్తారు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు అక్కడి చెట్ల మీదే కాపురం.

నేను మాత్రం పక్షులన్నీ వెళ్లిపోయాక, 2025 మే నెలాఖరులో వెళ్లాను. రూమ్మేట్‌ది ఆ దగ్గర్లోని తీరగ్రామం. వాళ్ల బాబాయి బోటు ఇంజను నౌపడ రోడ్డులో ఓ షెడ్డుకు వచ్చింది. "నువ్వు మెకానికల్ చదివావు కదా, చూద్దువుగాని రా" అన్నాడు. చదివింది మెకానికల్, చేసేది కోడింగ్. అయినా వెళ్లాను.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. సముద్రానికి సెలవు కానీ ఒడ్డున పని ఆగదు. వలలు కుడతారు, బోట్లకు రంగులేస్తారు, ఇంజన్లు విప్పుతారు. అదే సమయంలో పక్కన మడుల్లో ఉప్పు పంట జోరు మీద ఉంటుంది. అంటే ఇంజను విప్పి బయట పెట్టే రోజుల్లోనే గాల్లో ఉప్పు తిరుగుతుంటుంది.

ఔట్‌బోర్డ్ మోటారు అంటే ఫైబర్ బోటు వెనక అంచుకు తగిలించే ఇంజను. పైన మూత తీస్తే ఓ బరువైన చక్రం కనిపిస్తుంది. అదే ఫ్లైవీల్. తాడు లాగితే తిరిగేది అదే. దాని లోపలి అంచున అయస్కాంతాలుంటాయి. అవి కింద ఉన్న కాయిల్ చుట్టూ తిరిగితేనే ప్లగ్గులో స్పార్క్ పుడుతుంది. బాబాయి ఇంజన్లో స్పార్క్ లేదు. కాయిల్ చూడాలంటే చక్రం తీయాలి. నట్టు ఊడింది. చక్రం మాత్రం కదల్లేదు.

నట్టు తీసేశాక కూడా చక్రం ఎందుకు పట్టుకుని ఉంటుంది? దాన్ని నిలబెట్టేది నట్టు ఒక్కటే కాదు. క్రాంక్ షాఫ్ట్ పై కొస కాస్త కోసుగా ఉంటుంది, చక్రం బెజ్జమూ అలాగే ఉంటుంది. వాలు చాలా తక్కువ కాబట్టి ఒకసారి బిగిస్తే రాపిడే రెండింటినీ పట్టి ఉంచుతుంది. వర్క్‌షాప్ ల్యాబులో డ్రిల్లింగ్ మెషీన్ మోర్స్ టేపర్ గుర్తుందా? అదే సూత్రం.

దానికి ఉప్పు తోడైంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని తడిసిపోతుంది. తీరంలో చాలా రాత్రులు తేమ అంతకంటే ఎక్కువే. ఆ తడి సందుల్లోకి దిగితే తుప్పు మొదలు. ఇనుము తుప్పుగా మారితే దాదాపు రెట్టింపు జాగా కావాలి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వెంట్రుకంత సందులో అంత జాగా ఎక్కడిది? చీల కొట్టినట్టు బిగిసిపోతుంది.

బాబాయి మొహంలో కంగారు నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత లెక్క చెప్పాడు. కొత్త ఇంజను లక్ష దాటుతుంది. నిషేధం రోజులకు ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో రూ.10 వేల నుంచి రూ.20 వేలకు పెరిగింది. అది ఇంట్లో బియ్యానికి, పిల్లల ఫీజులకు సరి. జూన్ 14కి ఇంజను తిరగకపోతే? "వేరావలే" అన్నాడు. గుజరాత్‌లోని వేరావల్. అక్కడ ఇంకొకరి బోటులో జీతానికి నెలల తరబడి వేట. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులే పాకిస్థాన్‌కు చిక్కారు. 'తండేల్' సినిమాకు మూలం ఆ కథే. మనకది థియేటర్లో రెండున్నర గంటలు. ఈ ఊళ్లకు మాత్రం ప్రతి ఏడూ ఎదురయ్యే ప్రశ్న. సొంత ఇంజను తిరిగితే ఇంటి దగ్గర ఉండొచ్చు, లేకపోతే రైలెక్కాలి.

ఆ కంగారులోనే బాబాయి సుత్తి తీశాడు. మెకానిక్ చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "కొట్టకు బావా. మేగ్నెట్ ఇరిగితే సక్రం పోద్ది. షాఫ్టు మీద తగిల్తే ఇంజనే పోద్ది." నిజమే. దెబ్బకు అయస్కాంతాలు పగలొచ్చు, షాఫ్ట్ మర చెడొచ్చు, కింద బేరింగులు దెబ్బతినొచ్చు. చక్రం అంచు పట్టుకుని లాగే గోళ్ల పుల్లర్ కూడా వాడకూడదట, అంచు వంగిపోతుంది.

ఆయన దగ్గరున్న పుల్లర్ వెల్డింగ్ షాపులో చేయించుకున్నది. మందపాటి ఇనుప పలక, మూడు బెజ్జాలు, మధ్యలో పెద్ద బోల్టు. చక్రం నడిమిలోనే కంపెనీవాళ్లిచ్చిన మూడు మర బెజ్జాలుంటాయి. పలకను వాటికి బిగించాడు. షాఫ్ట్ మర పాడవకుండా నట్టును మళ్లీ కొస దాకా ఎక్కించి, దాని మీదుగా మధ్య బోల్టు తిప్పాడు. బిగించడం, బోల్టు తల మీద సుత్తితో ఒక్కటి టక్కున కొట్టడం, మళ్లీ పావు చుట్టు బిగించడం. సందులో నూనె చుక్కలు. గంటైనా ఏమీ జరగలేదు.

"అంతే. రేత్రికి ఒగ్గేద్దాం. పొద్దున్న సూద్దాం" అని చేతులు కడుక్కున్నాడు.

బోల్టు అలా బిగువు మీదే ఉంది రాత్రంతా. పొద్దున ఏడింటికి ఇంకో పావు చుట్టు తిప్పాడు. ఠప్! తుపాకీ పేలినట్టు శబ్దం. రోడ్డు మీద కుక్క కూడా లేచింది. చక్రం చేతిలోకి వచ్చేసింది.

కింద ఎర్రటి పొడి, మధ్యలో తెల్లటి ఉప్పు. కాయిల్ వైరు ఒకచోట పచ్చబడి తెగింది. వైరు అతికి, కోసు భాగం గుడ్డతో మెరిసేదాకా తుడిచాడు. "గ్రీజు రాయరా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. పొడిగా ఉంటేనే పట్టు, జారితే మధ్యలో ఉన్న చిన్న అర్ధచంద్రపు కీ తెగి స్పార్క్ టైమింగ్ తప్పుతుంది. అదీ అలల మధ్యలో జరిగితే బోటు అడ్డం తిరుగుతుంది.

వేట నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగితే ఇంత దూరం రాదు కదా అన్నాను. బాబాయి నవ్వాడు. "బావిలో నీల్లే ఉప్పగుంటాయి బాబూ. తాగడానికే బిందెలెక్కన తెచ్చుకుంటాం." ఏ మాన్యువల్లోనూ ఈ లైను ఉండదు.

జూన్ 15 ఉదయం రూమ్మేట్ ఫోన్‌కు బాబాయి వాయిస్ మెసేజ్ పంపాడు. పదిహేను సెకన్లు ఇంజను చప్పుడు, అంతే.

మీరూ వెళ్లాలనుకుంటే, ఎన్‌హెచ్-16 మీద టెక్కలి దాకా వచ్చి నౌపడ వైపు తిరగండి. ఉప్పు మడులు చూడాలంటే వేసవి, పక్షులకైతే చలికాలం. అక్కడి నుంచి భావనపాడు తీరానికి వెళ్లొచ్చు. ఆ పక్కనే మూలపేటలో 2023లో పోర్టుకు శంకుస్థాపన చేశారు. తీరంలో ఫైబర్ బోట్లు కనిపిస్తే ఇంజన్ల పక్కన కాసేపు ఆగి మాట కలపండి. బండి మీద వెళ్తే ఇంటికి రాగానే గొలుసు కడిగి నూనె వేయండి, మీకు మంచినీళ్లున్నాయి కాబట్టి.