ఇంటర్వ్యూకి స్ప్రేయర్ బ్యాటరీ

ఈసారి పోస్టు మిర్చి గురించి కాదు. పల్లెలో ఇంటి నుంచే ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి కూర్చునే పిల్లలున్న వాళ్ల కోసం.

మా అమ్మాయికి మొన్న వీడియో కాల్లో ఇంటర్వ్యూ పెట్టారు. చదువుకోవడం దాని పని, బందోబస్తు మా పని.

ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటది. కరెంటు పోగానే ఆగేది వైఫై పెట్టె. దాని అడాప్టర్ మీద చూడండి, చాలావాటికి 12 వోల్టులని ఉంటది. మన బ్యాటరీ స్ప్రేయర్‌లోదీ 12 వోల్టులే! ఊళ్లో ఎలక్ట్రీషియన్ ప్లస్సూ మైనస్సూ చూసి పిన్ను కట్టిచ్చాడు. మీ దాని మీద 5 అనో 9 అనో ఉంటే మాత్రం పెట్టొద్దు, కాలిపోద్ది. లైనే పోతే ఫోను హాట్‌స్పాటే దిక్కు. రోజువారీ డేటా ప్యాకైతే పొద్దున్నే రీల్స్‌కి తగలేయకండి, అయిపోయాక స్పీడు 64 కేబీకి పడిపోద్ది, మాట కూడా రాదు.

కిటికీ ఎదురుగా ఉండాలి, వెనకుంటే మొహం నల్లగా కనపడుద్ది. కోడిపుంజుని గంప కింద మూశాం. అయినా కూసింది, దాన్నేం చేస్తాం.

అసలు బెంగ ఇవేవీ కాదండీ. డిగ్రీ అయ్యాక వాళ్లమ్మకి ఆపరేషనైతే పిల్ల రెండేళ్లు ఇంటిపట్టునే ఉంది. "ఆ రెండేళ్లు ఏం చేశావంటే ఏం చెప్పాలి నాన్నా?" అని ముందురోజు రాత్రి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏదో కోర్సు చేశానని చెప్పమని స్నేహితురాలు సలహా ఇచ్చిందంట. నాకు నచ్చలా. సర్టిఫికెట్ చూపించమంటే ఏం చూపిస్తది? ఉన్నదే చెప్పమన్నా. కూలీల లెక్కలు రాసిందెవరు? కాయ అమ్మినప్పుడు తక్‌పట్టీ చూసి "ఒక టిక్కీ తక్కువ రాశారు" అని పట్టుకుందెవరు?

నేను మంచం మీద ఆఫీసర్‌లా కూర్చుని అదే ప్రశ్న మూడుసార్లు అడిగా. మొదటిసారి నవ్వేసింది, రెండోసారి తడబడింది, మూడోసారికి గొంతు నిలబడింది. మీరూ ఇంట్లో ఇట్లా పైకి చెప్పించండి. మనసులో అనుకున్నదీ నోటితో చెప్పేదీ ఒకటి కాదు.

ఇంకో మాట. ఉద్యోగం ఇచ్చామని డిపాజిట్టో ట్రైనింగ్ ఫీజో కట్టమంటే ఫోను పెట్టేయండి. ఇప్పటికే కట్టేసుంటే ఆలస్యం చేయకుండా 1930కి కొట్టండి.

వాళ్లు ఆ ప్రశ్నే అడిగారు. "టిక్కీ అంటే ఏంటి?" అని అవతల మేడమ్ అడిగితే, మావాళ్ల బస్తా సంగతంతా చెప్పుకొచ్చిందంట. వచ్చేవారం కబురు చేస్తామన్నారు. బ్యాటరీ ఇంకా వైఫై దగ్గరే ఉంది, రేపు మందు కొట్టాలి, తీయాలి.