అంబాసిడర్‌కి బ్రేకులు, బాపుకి కొండగట్టు

పాత కారుని బాగుచేయిస్తున్నా అనగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఏం రంగు వేయిస్తున్నావ్?" అని. రెండోది మ్యూజిక్ సిస్టమ్ గురించి. మూడోది సీటు కవర్లు. అలాయ్ చక్రాల దాకా అడుగుతారు గానీ "ఆగుతుందా?" అని మాత్రం ఎవ్వరూ అడగరు. మన ఆఫీసుల్లో కూడా అంతే కదా. డెమోలో స్క్రీను ఎలా ఉందో చూస్తారు, రోల్ బ్యాక్ ఉందా అని అడిగినవాణ్ణి అపశకునం పక్షిలా చూస్తారు.

మా బండి 1986 మోడల్ అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలు. బాపు 1992లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మల్యాల దగ్గర మా ఊళ్ళో రేకుల షెడ్డు కింద ఉంటుంది. పెళ్ళిళ్ళకి తిరిగింది, దవాఖానాకి తిరిగింది, మక్కల బస్తాలు కూడా మోసింది. వీటన్నిటికంటే ఎక్కువసార్లు కొండగట్టు ఎక్కింది. మా వైపు కొత్త బండి కొంటే ముందు అంజన్న దగ్గరికి తీసుకుపోవాల్సిందే. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్, అద్దానికి దండ. సైకిల్ మోటారు నుంచి హార్వెస్టరు దాకా అందరికీ అదే పద్ధతి. 2023 జనవరిలో పవన్ కల్యాణ్ తన ప్రచారరథం వారాహికి పూజ చేయించింది కూడా ఇక్కడే. నాకు ఆ పూజ మీద పేచీ ఏమీ లేదు, నా మొదటి బైకుకి నేనూ చేయించుకున్నా. పేచీ అంతా దిగేటప్పటి సంగతితోనే.

విషయం ఏంటంటే మా తమ్ముడి బిడ్డకి పుట్టువెంట్రుకలు తీయించాలి. బాపు ఆ అంబాసిడర్‌లోనే, తనే నడుపుతూ, అందర్నీ ఎక్కించుకుని కొండకి పోతానన్నాడు. ఆయనకి డెబ్భై దాటాయి. కళ్ళు బాగానే ఉన్నాయి, చేతులు బాగానే ఉన్నాయి. బండికే బాగాలేదు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు, నాలుగింటికీ కలిపి ఒకటే లైను. ఎక్కడ ఒక గొట్టం చిట్లినా మొత్తం పోతుంది. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అనే మాటని మనం పవర్ పాయింట్లలో తెగ వాడతాం, నాకు దాని అసలు అర్థం ఆ బండి కింద పడుకుని చూస్తే తెలిసింది.

"ముప్పై ఏండ్ల సంది ఎక్కుతున్న, దిగుతున్న. ఎన్నడన్న తప్పిందా? గిప్పుడేంది నీ లొల్లి?" అన్నాడు బాపు.

ఆ ప్రశ్నకి జవాబు మా ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు. 2018 సెప్టెంబరు 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాల పోయే ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు మీద లోయలోకి పోయింది. బస్సులో సామర్థ్యానికి దాదాపు రెట్టింపు జనం. 60 మందికి పైగా చనిపోయారు, చాలామంది ఆడవాళ్ళు, కొడిమ్యాల మండలం పల్లెలవాళ్ళు. మా చుట్టుపక్కల ఆ ఊళ్ళతో చుట్టరికం లేని ఇల్లు వెతకాలి. బ్రేకులు ఫెయిలయ్యాయన్నారు, ఓవర్ లోడ్ అన్నారు. తప్పు ఎవరిదో తేల్చడం నా పని కాదు. కానీ అప్పటి నుంచీ "బ్రేకులు ఫెయిలయ్యాయి" అన్న మాట వింటే నాకో ఇబ్బంది. పిడుగు పడింది అన్నట్టు అంటాం ఆ మాటని, ఎక్కడినుంచో వచ్చి పడ్డట్టు. బ్రేకు చాలావరకు అలా పోదు. నెలల తరబడి చెబుతూ చెబుతూ పోతుంది.

దీనికి కాస్త లెక్క కావాలి. బండి బరువు సుమారు 1100 కిలోలు, అయిదుగురు మనుషులు, సామాను కలిపితే ఒక 1500 అనుకుందాం. ఇది 100 మీటర్ల ఎత్తు నుంచి గేరు సాయం లేకుండా, బ్రేకు మీదే, ఒకే వేగంతో దిగితే ఆ శక్తంతా వేడిగా మారాలి. అది దాదాపు 15 లక్షల జౌళ్ళు. అయిదు లీటర్ల నీళ్ళని 30 డిగ్రీల నుంచి మరిగించేంత వేడి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో పోతున్న అదే బండిని ఒకసారి ఆపితే పుట్టేది దాదాపు 2 లక్షలే. అంటే 100 మీటర్లు దిగడం ఏడుసార్లు వరసగా గట్టి బ్రేకు వేయడంతో సమానం, మధ్యలో చల్లారే టైము లేకుండా. చదును రోడ్డు మీద "బ్రేకు మస్తుగున్నది" అనిపించుకున్న బండి ఘాట్ మీద ఎందుకు మారిపోతుందో ఇదీ కారణం. టెస్ట్ సర్వర్లో బాగానే నడిచింది సార్ అన్నట్టే :-)

ఆ వేడి డ్రమ్ములో ఏం చేస్తుందో చూడండి. బ్రేకు షూ లోపలినుంచి బయటికి ఒత్తుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూ నుంచి దూరంగా జరుగుతుంది. పెడల్ ఇంకా లోతుకి పోతుంది. లైనింగు కూడా వేడికి పట్టు కోల్పోతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ఇక బ్రేకు ఆయిల్. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అది 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తే పెడల్ మెత్తగా నేలకి తగులుతుంది, ఎందుకంటే ద్రవం నొక్కుకుపోదు గానీ ఆవిరి నొక్కుకుపోతుంది. పెద్ద బస్సులవి ఎయిర్ బ్రేకులు, వాటి కథ వేరు, కానీ డ్రమ్ము వేడి అక్కడా అదే. మా బండిలో ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారని అడిగితే బాపు "తగ్గినప్పుడల్లా పోస్తనే ఉన్న" అన్నాడు. పోయడం వేరు, మార్చడం వేరు. సీసాలోకి తీసిచూస్తే డికాక్షన్ రంగులో ఉంది.

డిస్కు బ్రేకు బయట గాలిలో ఉంటుంది, త్వరగా చల్లారుతుంది, వేడికి పలక ఉబ్బినా ప్యాడ్ వైపుకే ఉబ్బుతుంది. ఇదేమీ నిన్నటి సాంకేతికత కాదు. 1953లో జాగ్వార్ డిస్కు బ్రేకులతో లెమాన్ రేసు గెలిచింది, 1955లో సిట్రొయెన్ డీఎస్ ముందు చక్రాలకి వాటితోనే వచ్చింది. మన అంబాసిడర్ ఆ తర్వాత, 1950ల చివర్లో ఉత్తరపారాలో మొదలైంది, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 మూసలో. ముందు డిస్కులు, వాటికి పవర్ బ్రేకు ఉన్న అంబాసిడర్ గ్రాండ్ 2003లో వచ్చింది. 2014లో ఫ్యాక్టరీయే ఆగిపోయింది. పోటీ లేని చోట అవసరం ఎంత నెమ్మదిగా నడుస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ బండిని చూసి కళ్ళు చెమర్చేవాళ్ళలో నేనూ ఉన్నాను, అది వేరే సంగతి.

అయితే ఆ గ్రాండే నాకు దారి చూపించింది. ఏదో చిన్న కారు డిస్కులు తెచ్చి వెల్డింగ్ చేసి బిగించడం నాకిష్టం లేదు. స్టీరింగ్ పట్టుకునే భాగం మీద వెల్డింగ్ అంటే తెలిసి తెలిసి బగ్గు పెట్టుకోవడమే. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చొద్దంటుంది. అదే కంపెనీ, అదే బండి, తర్వాతి మోడల్ భాగాలైతే ఆ గొడవ తక్కువ. అందుకే హైదరాబాదులో పాత సామాన్ల కొట్లు తిరిగి స్టబ్ యాక్సిల్, డిస్కు, కాలిపర్ ఒకే సెట్టుగా, దాంతోపాటు సర్వో, టాండమ్ మాస్టర్ సిలిండర్ సంపాదించా. డిస్కులు, సీళ్ళు, హోసులు మాత్రం కొత్తవే కొన్నా, రబ్బరు విషయంలో సెకండ్ హ్యాండ్ అనే మాటే లేదు. (అన్నట్టు, 2021 నాటి వింటేజ్ వాహనాల నియమాలు 50 ఏళ్ళు దాటిన బండ్లకే. మాది వింటేజ్ కావడానికి ఇంకా చాలా టైముంది, అప్పటిదాకా అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాల్సిందే.)

జగిత్యాల మెకానిక్ భాయ్ నవ్వాడు. "గంత పెట్టుడెందుకన్నా? లైనర్లు మార్చి, ఎయిర్ తీసిస్త. పదేండ్లు నడుస్తది." అతని మాటలో నిజం లేకపోలేదు. కొత్త లైనర్లు, సానబట్టిన డ్రమ్ములు, కొత్త ఆయిల్ ఉన్న అంబాసిడర్ చాలా బండ్లకంటే నయంగా ఆగుతుంది. ఊళ్ళో తిరగడానికే అయితే నేనూ అంతటితో ఊరుకునేవాణ్ణి.

పని ఆరు వారాంతాలు పట్టింది. శుక్రవారం రాత్రి బస్సెక్కడం, ఆదివారం రాత్రి గోళ్ళలో గ్రీజుతో తిరిగి రావడం, సోమవారం స్టాండప్‌లో చేతులు కెమెరాకి కనపడకుండా కూర్చోవడం. జాకీ మీద లేపిన బండి కిందికి దూరకూడదు, స్టాండ్లు పెట్టాల్సిందే. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి ఆ దుమ్ముని గాలి కొట్టి ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. పాత మాస్టర్ సిలిండర్‌ని డిస్కులకి అలాగే వాడకూడదు, డ్రమ్ముల కోసం లైన్లో కొంచెం ఒత్తిడి నిలబెట్టే వాల్వు అందులో ఉంటుంది. అది ఉంటే ప్యాడ్లు డిస్కుని పట్టుకునే ఉంటాయి, ఆపడానికి పెట్టిన బ్రేకే ఊరికే వేడెక్కుతుంది.

ముందు సస్పెన్షన్ టోర్షన్ బార్లది. ఒక ఉక్కు కడ్డీ మెలితిరిగి స్ప్రింగులా పనిచేస్తుంది. దాన్ని విప్పేముందు రెండు కొనలా పెయింటుతో గుర్తు పెట్టకపోతే మళ్ళీ అదే ఎత్తుకి రాదు. అందులో దాగున్న బలం చెయ్యి విరగ్గొట్టేంత. అది ఇంట్లో ఒక్కడే చేసే పని కాదు, ఆ రోజు భాయ్‌ని ఇంటికే పిలిపించా. వెనక కమాన్ పట్టీలు ఒంగిపోయాయి, వాటిని సరిచేయించి బుష్షులు, నాలుగు షాకబ్జార్బర్లు కొత్తవి వేశాం. బ్రేకుల పనిలో ఇవెందుకంటారా? బ్రేకు ఆపేది చక్రాన్నే. బండిని ఆపేది టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టు. గుంతల్లో టైరు ఎగురుతూ ఉంటే ఎంత మంచి డిస్కైనా గాల్లో తిరిగే చక్రాన్నే ఆపుతుంది.

బ్రేకు లైన్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. బాపు సీట్లో, నేను చక్రం దగ్గర. "ఒత్తు... పట్టు... ఇడువు." గంటన్నర సేపు. ఆయన నా మాట ప్రకారం కాలు కదిపిన మొదటి గంటన్నర అదేనేమో నా జీవితంలో. మూడో చక్రం దగ్గర ఆయనే అన్నాడు, "గా బస్సుల మన కొడిమ్యాల అక్క కోడలుండె. గా రోడ్డెక్కినప్పుడల్లా గేరు మీదికే చెయ్యి పోతది." నేను నిప్పిల్ బిగిస్తూ ఏమీ అనలేదు. ఇన్నాళ్ళూ నా లొల్లి వినడం లేదనుకున్నా. ఆయన నాకంటే ముందునుంచీ ఆ లెక్క వేసుకుంటూనే ఉన్నాడు, జౌళ్ళు లేకుండా.

అయితే ఒక విషయంలో మాత్రం ఇద్దరికీ పడలేదు. ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని ఇంజను బంద్ చేసి న్యూట్రల్‌లో దిగడం మా దిక్కు పాత అలవాటు. సర్వో ఇంజను లాగే వ్యాక్యూమ్ మీద నడుస్తుంది. ఇంజను ఆపితే రెండు మూడు తొక్కుళ్ళ దాకా సాయం ఉంటుంది, ఆ తర్వాత పెడల్ రాయి. డిస్కులకి డ్రమ్ము షూ లాగా తిరిగే చక్రంతోనే లోపలికి లాక్కునే గుణం లేదు కాబట్టి కాలి బలం ఇంకా ఎక్కువ కావాలి. అంటే పాత అలవాటుతో నడిపితే కొత్త బ్రేకు పాతదానికంటే ప్రమాదం. అప్‌గ్రేడ్ చేసినప్పుడు యూజరు అలవాటు కూడా మారాలని ఎవరూ రిలీజ్ నోట్సులో రాయరు. షెడ్డులోనే ఇంజను ఆపి పెడల్ తొక్కించా. నాలుగోసారికి బాపు నావైపు చూశాడు. "సెకండ్ గేర్ల దిగుత తియ్యి" అన్నాడు. ఎక్కిన గేరులోనే దిగడం డ్రైవర్ల పాత నియమమే, ఖర్చు లేనిది, ఏ స్పేర్ పార్టూ దానికి బదులు కాదు.

తర్వాత నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీ వైపు తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ప్యాడ్లు కుదురుకునేలా 50 నుంచి 10కి తగ్గించడం, చల్లారనివ్వడం, మళ్ళీ తగ్గించడం. బండి సూటిగా ఆగుతోంది, ముక్కు నేలకి కొట్టుకోవడం తగ్గింది. కానీ గట్టిగా తొక్కితే వెనక ఎడమ చక్రం మిగతావాటికంటే ముందే పట్టేస్తోంది. వెనక చక్రం ముందు జామైతే వంపులో బండి వెనకభాగం పక్కకి తిరుగుతుంది. డ్రమ్ము విప్పి చూస్తే వీల్ సిలిండర్ నుంచి చెమ్మ, షూ మీద ఆయిల్. వెనక రెండు వైపులా సిలిండర్లు, షూలు కొత్తవి ఆర్డర్ పెట్టా.

అవి ఇంకా రాలేదు. పెద్ద జయంతి రద్దీ అయ్యాక పోదామని బాపు ముహూర్తం జరిపాడు. అప్పటిదాకా బండి షెడ్డులోనే. మొన్న మంగళవారం బాపు, అమ్మ బస్సులోనే కొండకి పోయొచ్చారు. 2023 డిసెంబరు నుంచి అమ్మకి టికెట్ లేదు కాబట్టి బాపుకొక్కడికే తీసుకున్నారు.